వేలెడు వంకర

ఆ ఉదయం టీ గ్లాసు మొగుడి ముందు పెట్టి, పెద్దావిడ సూటిగా అడిగేసింది.

"నీ తాపీ ఎక్కడ పెట్టావయ్యా?"

మేస్త్రి పేపర్లోంచి తలెత్తాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ నోట ఆ ప్రశ్న ఆయన వినలేదు. చూస్తే మనిషి వాలకం కూడా కొత్తగానే ఉంది. కొడుకు పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుంది. నెత్తికి తువ్వాలు బిగించింది. కాళ్లకి కోడలి పాత బూట్లు.

"తాపీ దేనికి? కూర కలపడానికా?"

"గోడ కట్టడానికి."

ఆయన పడీపడీ నవ్వాడు. మణికట్టుకి పిండికట్టుతో లోపల పడుకున్న కొడుకు ఆ నవ్వుకి లేచొచ్చాడు. రాత్రి షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

మేస్త్రి అంటే అల్లాటప్పా మేస్త్రి కాదు. పట్నంలో సగం వీధులు ఆయన చేతిమీదుగా లేచినవే. ఆయన కట్టిన గోడకి వంక పెట్టినవాడు లేడు. కానీ సొంతానికి ఒక్క గోడా లేదు. పెళ్లయ్యాక పదకొండు అద్దె వాటాలు మారారు. ఇప్పుడున్నవి రెండు గదులు. మనవరాలు వంటగట్టు కింద కూర్చుని పాఠాలు చదువుకుంటుంది. అదీ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలని ఇంటాయన చెప్పేశాడు, తమ్ముడి సంసారం వస్తోందట. ఇక మేస్త్రి మొండితనం గురించి చెప్పాలంటే, బజారుకి పది నిమిషాల దారి ఉండగా అరగంట చుట్టుతిరిగి వెళ్లే మనిషి. ఎందుకని అడిగితే "నా కాళ్లు, నా ఇష్టం" అంటాడు.

ఈ చిక్కులోంచి బయటపడే దారి కోడలే కనిపెట్టింది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో ఆమెకి ఉద్యోగం. కష్టపడి బతికే కుటుంబాల కోసం ఇళ్లు కట్టే సంఘం ఒకటి పట్నం చివర ఉందని అక్కడే విని దరఖాస్తు పెట్టింది. ఆ సంఘం లాభం తీసుకోదు. ఇప్పుడు అద్దె కట్టినట్టే నెలనెలా కట్టుకుంటూ పోతే ఇల్లు సొంతమవుతుంది. కాకపోతే షరతులు రెండు. ఒక్కో కుటుంబం నాలుగు వందల గంటలు అక్కడ స్వయంగా ఒళ్లొంచి పని చెయ్యాలి. రెండోది ఇంకా విచిత్రం. ఆరు ఇళ్లలో ఏది ఎవరిదో చివరి రోజు చీటీలు తీసేదాకా ఎవరికీ తెలియదు.

గంటలు చక్కగా సాగుతుండగా, బస్సు నడిపే కొడుకు మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అతని జీతం ఆగింది కనక కోడలు రెండు షిఫ్టులు చేస్తోంది. ఇంకా ఎనభై నాలుగు గంటలు మిగిలాయి. రోజులు చూస్తే పన్నెండు. గడువు దాటితే ఇల్లు జాబితాలో తర్వాతి కుటుంబానికి పోతుంది.

ఇంట్లో ఒక మేస్త్రి ఉన్నాడు, చేతులు రెండూ బాగున్నాయి, పనీ లేదు. ఆయన మాత్రం కదలడు. "దానం ఇంట్లో కాలు పెట్టను" అని మొదటి రోజే శపథం చేశాడు.

"నాన్నా, అది దానం కాదు" అన్నాడు కొడుకు నూరోసారి. "డబ్బు కడతాం, పని చేస్తాం. ఇంక దానమేంటి?"

"మధ్యలో నువ్వు మాట్లాడకు. చేతకాక చెయ్యి విరగ్గొట్టుకున్నావు."

"అత్తయ్యా, మీరెందుకు? నేనే సెలవు పెట్టి వెళ్తాను" అంది కోడలు.

"నువ్వు నిద్రపోవే తల్లీ. నిలబడే తూలుతున్నావు." పెద్దావిడ మంచం కిందకి వంగి మొగుడి పనిసంచి బయటికి లాగింది. తాపీ తీసి చొక్కా అంచుకి తుడిచింది. "ఇంతకాలం నువ్వు ఎక్కడ దిగమంటే అక్కడ దిగాను. ఏ గోడకీ మేకు కొట్టుకోలేదు, ఇంటాయన ఏమంటాడో అని. మనవరాలికి ఆ బతుకొద్దు. నువ్వు కట్టకపోతే నేను కడతాను."

"నీకు ఇటుక ఏ వైపు తిప్పాలో తెలుసా?"

"నిన్ను తిప్పుకోవడం రాలేదు గానీ, ఇటుక ఎంతసేపు?"

ఆవిడ వెళ్లిపోయింది. మేస్త్రి పేపరు మళ్లీ విప్పాడు. తలకిందులుగా పట్టుకున్నాడని కొడుకు చూశాడు గానీ, చెప్పే సాహసం చెయ్యలేదు.

పని జరిగే చోట గంటలు రాసుకునేది ఒక కుర్ర ఇంజినీరమ్మ. అందరూ ఆమెని గంటలమ్మ అంటారు.

"పని వచ్చా పెద్దమ్మా?" అని అడిగింది ఆమె.

"మేస్త్రితో ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేశానమ్మా. పని రాదు గానీ, పని చేసేవాళ్లని తిట్టడం వచ్చు."

గంటలమ్మ నవ్వి చేతికి తొడుగులిచ్చింది. మొదటి రెండు రోజులూ పెద్దావిడ ఇటుకలు అందించింది, గోడలకి నీళ్లు కొట్టింది. మూడో రోజు నాలుగో నంబరు ఇంట్లో వరస పేర్చడం మొదలుపెట్టింది. పక్కన బడి ఊడ్చే ఆవిడ, ఆవలి వైపు లారీ డ్రైవరు, అతని చెల్లెలు. ఎవరి ఇల్లు ఎవరు కడుతున్నారో ఎవరికీ తెలియదు. అయినా లారీ డ్రైవరు ప్రతి ఇటుకనీ సొంత ఇంటికే పెడుతున్నంత శ్రద్ధగా పెట్టేవాడు. ఏమో, అదే తనదేమో మరి!

ఇంటికొచ్చేసరికి ఆవిడ నడుం పట్టేసేది. అరిచేతులు చీలిపోయాయి. మేస్త్రి చూసీ చూడనట్టు ఉండేవాడు. ఒక రోజు మాత్రం చేతులకి రాసుకునే మందు సీసా కిటికీలో కనిపించింది. ఎవరు తెచ్చారని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆయన్ని అసలు కుదిపింది వీధి. టీ దుకాణం దగ్గర పాత కూలీ ఒకడు ఎకసెక్కెంగా "మేస్త్రిగారూ, మీ తాపీ మీ ఆవిడ చేతికి వచ్చిందటగా, ఇంక అట్లకాడ మీ చేతికేనా?" అన్నాడు. అంతే, ముక్కు మీది కోపం నెత్తికెక్కింది. ఎనిమిదో రోజు పొద్దున్నే పనిసంచి భుజాన వేసుకుని, తాడో పేడో తేల్చుకోవడానికి నేరుగా అక్కడికే వెళ్లాడు.

"ఇంటికి నడువు" అన్నాడు, పదిమందీ వినేలా.

"ఏ ఇంటికి? నెలాఖరుకి ఖాళీ చేసే ఇంటికా?"

"నా పరువు తీస్తున్నావు."

"నీ పరువు అద్దె ఇంట్లో భద్రంగానే ఉంది. వచ్చే నెల దాన్ని ఎక్కడ పెడతావో ఆలోచించుకో." ఆవిడ ఇటుక మీంచి తల కూడా ఎత్తలేదు.

మేస్త్రి కళ్లు ఆవిడ గోడ మీదికి వెళ్లాయి. పని తెలిసిన కళ్లు, ఊరుకుంటాయా! సంచిలోంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు తీసి గోడ పైనుంచి వదిలాడు. గుండు ఊగి ఊగి నిలిచింది. పైన దారానికీ గోడకీ మధ్య ఎడమెంతో కింద కూడా అంతే ఉండాలి. కింద ఎక్కువ వచ్చింది.

"చూశారా!" ఆయన గొంతులో విజయం. "వేలెడు వంకర. దీన్ని గోడంటారా?"

పని ఆగిపోయింది. గంటలమ్మ పరుగున వచ్చి, కొలిచి చూసి, మెల్లగా అంది. "ఉంది పెద్దమ్మా. కానీ ఫర్వాలేదు, పూతలో సర్దేద్దాం. కూల్చి మళ్లీ కట్టే గంటలు లెక్కలోకి రావు. మీకసలే రోజులు తక్కువ."

పెద్దావిడ లేచి నిలబడింది. గుండు వంక చూసింది. మొగుడి వంక చూసింది.

"ఎక్కడిదాకా బాగుంది?"

"కింద మూడు వరసలు" అన్నాడు మేస్త్రి.

ఆవిడ సుత్తి అందుకుంది. మొదటి దెబ్బకి పై ఇటుక ఊడి అవతల పడింది.

"అత్తయ్యా, వద్దు!" షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన కోడలు చెయ్యి పట్టుకోబోయింది. "ఈ రోజూ రేపూ పోతే గంటలు చాలవు. ఇల్లు పోతుంది అత్తయ్యా!"

"పోతే పోనీ." రెండో దెబ్బ. "ఈ గోడ పక్కన ఎవరి పిల్ల పడుకుంటుందో నాకు తెలుసా? నీ పిల్లా? ఈ ఊడ్చే ఆవిడ మనవడా? కూలి చేసుకునేవాళ్ల ఇల్లేగా, పూత పూసేస్తే ఎవరికి కనపడుతుంది అని నేననను. ఆ మాట అనేవాళ్లు వేరే ఉంటారు. నేను మేస్త్రి పెళ్లాన్ని."

మేస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ మాట అన్నాను" అన్నాడు.

"ఏంటి?"

"నేనే అన్నాను." ఆయన ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు. "ఇరవై ఏళ్ల కిందట, బజారు దారిలో ఆ వరస ఇళ్లున్నాయి చూడు, పేదవాళ్లకని కాంట్రాక్టరు కట్టించినవి. బస్తా సిమెంటు వెయ్యాల్సిన చోట అరబస్తా వెయ్యమన్నాడు. ఎవరుంటారు, కూలి జనమేగా అన్నాడు. నేనూ అవుననే అన్నాను. వేశాను, పూత పూశాను. మూడో వానాకాలంలో గోడ పడి ఒక ముసలాయన కాలు పోయింది. నన్నెవరూ అడగలేదు. నేనెవరికీ చెప్పలేదు."

పెద్దావిడకి అప్పుడు తెలిసింది, పది నిమిషాల దారికి ఈయన అరగంట ఎందుకు తిరుగుతున్నాడో. మోకాళ్లకి మంచిదని నడుస్తున్నాడేమో అనుకుంది ఇన్నేళ్లూ.

"పేదవాడి ఇల్లు ఎలా కడతారో నాకు తెలుసు" అన్నాడాయన కోడలి వైపు తిరిగి. కళ్లలో నీళ్లు. "నేనే కట్టాను కదమ్మా. నా మనవరాల్ని అలాంటి గోడ పక్కన పడుకోబెట్టమంటే ఎలా ఒప్పుకోను?"

కోడలు ఆరు నెలలుగా ఆయనది అహంకారమనుకుంది. భయమని ఎవరికి తెలుసు?

పెద్దావిడకీ గుండె తరుక్కుపోయింది. కానీ ఓదార్చలేదు. తాపీ తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఏడ్చి ఆ గోడ నిలబెట్టలేవు. దీన్ని నిలబెట్టు. లేదంటే పక్కకి తప్పుకో, నాకు పనుంది."

మేస్త్రి చొక్కా చేతులు మడిచి తాపీ అందుకున్నాడు. "సిమెంటు మాలు పల్చగా ఉంది" అన్నాడు లేస్తూ. "ఎవరు కలిపింది?"

"నేనే" అన్నాడు లారీ డ్రైవరు భయంభయంగా.

"ఇలా రా. చూపిస్తాను."

సాయంత్రానికి గోడ మళ్లీ లేచింది. గంటలు లెక్కలోకి రావని గంటలమ్మ బాధపడుతూ చెప్పబోతే, "దీనికి రాయకమ్మా. రేపటినుంచి రాసుకో" అన్నాడు మేస్త్రి. మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి వెళ్లారు. దారి పొడుగునా తిట్టుకుంటూ వెళ్లారు, తిట్టుకుంటూ వచ్చారు. ఈసారి బజారు మీదుగా దగ్గరి దారినే, ఆ వరస ఇళ్ల ముందునుంచే. గడువుకి ఒక పూట ముందే గంటలు నిండాయి.

చీటీల రోజున, వాళ్లు కట్టిన నాలుగో నంబరు బడి ఊడ్చే ఆవిడకి వచ్చింది. మేస్త్రి కుటుంబానికి రెండో నంబరు. ఆ ఇంటి గోడల్లో వీళ్లు ఒక్క ఇటుక కూడా పెట్టలేదు.

మేస్త్రి ముందు నాలుగో నంబరుకి వెళ్లాడు. ఆ గోడ మీద అరిచెయ్యి ఆనించి, "మేకు కొట్టుకోవాలంటే ఆలోచించకమ్మా, కొట్టుకో. నాదీ పూచీ" అన్నాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది.

తర్వాత రెండో నంబరు గుమ్మం ముందు ఆగాడు. లోపల మనవరాలు గదిగదికీ పరిగెడుతోంది. ఆయన సంచిలోంచి గుండు తీశాడు.

"మళ్లీ మొదలెట్టారా నాన్నా" అన్నాడు కొడుకు.

"చూడనీరా" అంది పెద్దావిడ. "చూడకపోతే ఈయనకి నిద్ర పట్టదు. వంకరొస్తే సుత్తి నా దగ్గరే ఉంది."

గుండు వదిలాడు. ఊగింది. నిలిచింది. పైనా కిందా ఒకటే ఎడం. రెండో గోడకి వేశాడు, మూడో గోడకి వేశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎవరు కట్టారు ఇది?" అన్నాడు.

"నేనూ మా చెల్లెలూ, నాలుగో నంబరుకి రాకముందు" అన్నాడు వెనక నుంచి లారీ డ్రైవరు. "బాగాలేదా మేస్త్రిగారూ?"

మేస్త్రి గుండుని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. ఇక్కడ ఎవరుంటారో తెలియకుండానే ఒక మనిషి ఇంత సూటిగా కట్టి పెట్టాడు. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లారీ డ్రైవరు కంగారుపడి "కూల్చెయ్యాలా?" అని అడిగాడు.

అప్పటికే లోపలికి వెళ్లిన పెద్దావిడ గుమ్మానికి అవతల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఏమయ్యా, దానం ఇంట్లో కాలు పెట్టనన్నావు. అక్కడే ఉంటావా?"

"దానం ఇల్లయితే పెట్టనన్నాను" అన్నాడు మేస్త్రి కళ్లు తుడుచుకుంటూ.

గడప దాటాడు.

"ఆ సంచిలో మేకులున్నాయా?" అంది ఆవిడ. "ఉంటే ఒకటి ఇలా ఇయ్యి. ఎక్కడ కొట్టాలో నేనే చెప్తాను."