అద్దం లేని తొలిచూపు

ఆషాఢ అమావాస్య... ఆదివారం... మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన వెలగాల్సిన వేళ ఉప్పుగూడ బస్తీని కారుమేఘాలు కమ్మేశాయి. రైలు పట్టాల అవతల ఎక్కడో పిడుగు పడింది. పట్టపగలు గుడ్లగూబ కూసింది... బోనాల డప్పుల హోరులో ఆ కూత ఒక్కడికే వినిపించింది. విని, వాడు నవ్వాడు.

వాడు వేణుగోపాల్. ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం వాడిది. షట్టర్ దించి, లోపల పసుపు కుంకుమలతో ముగ్గు పట్టి, నల్లకోడి నెత్తురు చిలకరించి, నడుమ ఒక కపాలాన్ని నిలిపాడు. కపాలం నుదుటి నుంచి ఒక ఎర్రదారం కంప్యూటర్‌కు, అక్కడి నుంచి గోడకు వేలాడుతున్న నిలువెత్తు మహంకాళి చిత్రానికి పోతోంది. ఆ చిత్రం ఏఐ వేసింది. ఆ కపాలం బాలనర్సింహది... మొన్న చలికాలంలో పూడ్చిపెట్టిన సొంత గురువుది! ఆ సమాధిని వీడే తవ్వాడు.

బాలనర్సింహ ఏటా బోనాలకు బస్తీ గుడి గోడ మీద అమ్మవారిని చిత్రించేవాడు. వేణుగోపాల్ ఆయన దగ్గరే రంగులు కలుపుతూ పెరిగాడు. "రంగు మంచిగ కలుపుతవ్. నీ చేతుల బొమ్మ లేదు బిడ్డా" అని ఆయన ఒకనాడు అన్నాడు. ఆ మాట అప్పటి నుంచి వీడి కడుపులో కుళ్లుతూనే ఉంది.

గురువు పోయాక ఇక ఎదురులేదనుకున్నాడు. ఆయన బొమ్మల ఫోటోలన్నీ ఏఐకి మేపి, గుడి కమిటీవాళ్లను బుట్టలో వేసుకుని, గుడి గోడకు తన ఫ్లెక్సీ కట్టించాడు. అందంగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. నగనగకూ మెరుపు, నాలుక మీద తడి కూడా కనిపించింది. కానీ మొక్కడానికి వచ్చిన ఆడవాళ్లు మొక్కకుండా నిలబడిపోయారు. ఎటు జరిగినా అమ్మ తమను చూడటం లేదన్నారు. లొల్లి మొదలైంది. ఇది కళ కాదు, దొంగతనమని అరిచి ఫ్లెక్సీని చింపి మురికి మోరీలో తొక్కారు. ఆ వీడియో యాకుత్‌పురా దాకా, అక్కడి నుంచి నగరమంతా పాకింది. బొమ్మ వేసే పని బాలనర్సింహ కూతురు కళావతికి అప్పగించారు.

ఆ అవమానానికి వాడు వెతుక్కున్న మందు ఇదిగో... ఈ కపాలం! మళ్లీ ముద్రించిన ఆ బొమ్మకు లేనిది ప్రాణమే అయితే ఆ ప్రాణమే పోస్తాడు... గురువు రక్తం పంచుకు పుట్టిన ప్రాణాన్నే పోస్తాడు! కళావతి కుంచె తుడిచిన గుడ్డను నిప్పుల్లో వేసి, "ఆకర్షయ... ఆకర్షయ!" అని గర్జించాడు.

గుడిలో కళావతి బొమ్మకు కళ్లు దిద్దబోతోంది. మిగతాదంతా పూర్తయింది. కళ్లు ఆఖరున దిద్దాలి, దిద్దేముందు బొమ్మకు ఎదురుగా అద్దం నిలపాలి. అప్పుడే తెరుచుకున్న కళ్ల తొలిచూపు మహోగ్రం... అది మనిషి మీద పడకూడదు. అద్దంలో అమ్మ తనను తానే చూసుకుని శాంతించాలి. తండ్రి నేర్పిన పద్ధతి అది. ఆమె ఆ అద్దాన్ని తుడుస్తుండగానే కుడిచేయి కొయ్యబారింది... కనుగుడ్లు పైకి తేలిపోయాయి... జుట్టు విరబోసుకుని, ఊగుతూ, వీధిలోకి నడిచింది!

ఒక్కరైనా ఆపి ఉంటే బాగుండేది. బస్తీవాళ్లు అమ్మవారు పూనిందనుకున్నారు! కాళ్లకు పసుపునీళ్లు పోశారు, చేతికి వేపమండలిచ్చారు. డప్పులు కొడుతూ దారి ఇస్తూ ఆ పిల్లను మాంత్రికుడి గడప దాకా తామే ఊరేగించారు. లోలోపల కళావతి కేకలు పెడుతూనే ఉంది, కానీ ఆమె నోరు ఆమెది కాదు.

షట్టర్ పైకి లేచింది. కళావతి గడపలోనే కుప్పకూలింది. ఆమె వేళ్ల కొసల నుంచి రంగు దిగిపోసాగింది. ముందు గోళ్లు... తర్వాత అరచేయి... మోచేయి... సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి. ఆమె నుంచి దిగిన ఎరుపు కపాలాన్ని చేరి, దారం వెంట పాకి గోడ మీది చిత్రంలోకి ఎక్కింది. మహంకాళి చెంపలు ఎర్రబడ్డాయి. బొమ్మ ఊపిరి తీసింది!

మోరీలో తొక్కినవాళ్లే మోకాళ్ల మీద పడ్డారు. కొబ్బరికాయలు పగిలాయి. ఏఐ బొమ్మ కళే కాదని గొంతు చించుకున్న కమిటీ పెద్ద మహేందర్ అందరికంటే ముందు సాష్టాంగపడ్డాడు. సిగ్గులేని జనం! గడపలో పడివున్న పిల్లను దాటుకుంటూ వెళ్లి నేలకు నుదురు ఆనించారు.

"ఇప్పుడు చెప్పుర్రి," అన్నాడు వేణుగోపాల్. "కళ ఎవనిది?"

ఎవరూ తలెత్తలేదు. చివరి మంత్రం కోసం వాడు బొమ్మకు ఎదురుగా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఒక్క క్షణం కళావతి నోరు ఆమె వశమైంది.

"అన్నా... ముంగట అద్దం పెట్టు. తొలిచూపు నీ మీద పడ్తది."

తనను చంపుతున్నవాడికి కూడా పద్ధతి చెప్పింది, పిచ్చిపిల్ల! వాడు పగలబడి నవ్వాడు.

"గా కండ్లు మెషిన్ ఎప్పుడో ఏసింది. మీ బాపు లెక్క ఆఖరుకు దాచుకోలే. ఇంక తొలిచూపు ఏంది?"

వాడు పొరబడింది అక్కడే. ముద్రించిననాడే బొమ్మ పూర్తయిందనుకున్నాడు. కానీ ఆ కళ్లు ఇంతవరకూ ఎవరినీ చూడనేలేదు... బస్తీ ఆడవాళ్లు ఆనాడే చెప్పారు కదా!

చివరి బీజాక్షరం పలికాడు. ఆకాశం బద్దలైంది... కపాలం రెండుగా చీలింది... ఆ కళ్లు చూశాయి! ఎవడు పిలిచినా వచ్చింది అమ్మ. ఎవడికీ బానిస కాని అమ్మ!

నిప్పు లేదు, పొగ లేదు. వాడి ముఖంలోంచి రంగు కారిపోయింది. కనుబొమలు పోయాయి. కళ్లు పోయాయి. అరవబోతే నోరే చెరిగిపోయింది. నున్నటి ముఖాన్ని రెండు చేతులా తడుముకున్నాడు... ఊపిరి కోసం ఆ చర్మాన్ని గోళ్లతో చీల్చుకున్నాడు... గిలగిలా కొట్టుకుని చచ్చాడు. జాలిపడే పని లేదు. నేలను చూస్తున్నవాళ్లంతా బతికిపోయారు. తలెత్తేసరికి గోడకు వట్టి తెల్ల ఫ్లెక్సీ వేలాడుతోంది.

కళావతి బతికింది. కుడిచేయి మాత్రం మోచేయి దాకా తెల్లగానే ఉండిపోయింది, ఇక కదల్లేదు. అదే సాయంత్రం ఆమెను గుడికి మోసుకొచ్చి, పొద్దు పోతోంది, కళ్లు దిద్దమని మహేందర్ బతిమాలాడు. చేయి ఎలా ఉందని అడగలేదు.

కళావతి అద్దాన్ని తీసి గోడవైపు తిప్పి పెట్టింది.

"నేను గడపల పడ్డప్పుడు నన్ను చూసినోళ్లు ఈడ నిలవడుర్రి," అంది. "మిగిలినోళ్లకు ఏమన్నైతే జిమ్మ నాది కాదు."

గుడి ఖాళీ అయింది. మహేందర్ చెప్పులు కూడా తొడుక్కోలేదు.

ఆమె ఒక్కతే ఎడమచేత్తో కుంచె పట్టింది. ఒక కన్ను వంకరగా వచ్చింది. తొలిచూపు ఆమె మీదే పడింది... ఆమెకు ఏమీ కాలేదు. తమను చూసే అమ్మ కావాలని లొల్లి చేసిన బస్తీ మాత్రం, ఎటు జరిగినా ఆ వంకర కన్ను తమనే చూస్తుంటే, ఇప్పటికీ తల ఎత్తకుండానే మొక్కి వెళ్లిపోతుంది.