నోరా తాగని నీళ్లు

కామారెడ్డి హైవే పక్కన, టైర్ల షాపు మీది గదిలో చీఫ్ సిద్దిరాములు బ్రీఫింగ్ మూడు ముక్కల్లో ముగించాడు. ఐర్లండ్‌లో ఒక కుటుంబం రెండు వందల ఏళ్లుగా నల్లటి స్టౌట్ బీరు కాస్తోంది. దాన్ని పులియబెట్టే ఈస్ట్ తాతల నాటిది. వాళ్ల దగ్గరున్నది చెడిపోయి, హైదరాబాద్ ల్యాబ్‌లో దాచుకున్న ఒక్క శాంపిలే మిగిలింది. దాన్ని విదేశీ ముఠా కొట్టేసింది. అది చస్తే ఆ బీరు చచ్చినట్టే, కాపాడతామన్న మన మాట పోయినట్టే.

ముఠాలోంచి మనవైపు తిరిగిన నోరా అనే తెలుగొచ్చిన ఐరిష్ యువతి ఎల్లారెడ్డి బస్టాండ్ దగ్గరి టీ హోటల్లో ఫ్లాస్క్ అప్పగిస్తుంది. తీసుకునేది ఏజెంట్ సిద్దార్థ. కాపలా ఏజెంట్ సాయిలత.

మధ్యాహ్నం రెండింటికి సాయిలత హోటల్ ముందు ముంజల గంప పెట్టుకుని, సిద్దార్థ మైకు వినిపించే ఇయర్‌పీస్‌ చెవిలో పెట్టుకుని కూర్చుంది. నోరా ఆకుపచ్చ చీరలో బస్సు దిగి, హోటల్లో సిద్దార్థ ఎదుట కూర్చుంది.

"నురుగు దిగిందా?" అన్నాడు సిద్దార్థ.

"ఇంకా రెండు నిమిషాలు ఆగాలి," అంది నోరా.

స్టౌట్‌ను ముందు ముప్పావు గ్లాసు పోసి, నురుగు సర్దుకున్నాకే నింపడం ఐరిష్ వాళ్ల ఆచారం. దాన్నే కోడ్‌వర్డ్ చేశారు. కోడ్ కలిసింది, ఫ్లాస్క్ చేతులు మారింది. మరి రెండు నిమిషాలు ఇరవై ఎందుకయ్యాయి? సిద్దార్థ ఆమెకు కుర్చీ జరిపాడు, పేపరుతో విసిరాడు. ఆరేళ్లుగా పక్కన పనిచేస్తున్న సాయిలతకు ఏనాడూ స్టూలైనా చూపించలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. నోరా గాజులు, గోళ్లు, నవ్వు, చివరికి నీళ్ల బాటిల్ దాకా అన్నీ కళ్లతోనే గీరింది.

నోరా ఆ బాటిల్ మూత ఐదుసార్లు తిప్పింది. ప్రతిసారీ ఇయర్‌పీస్‌లో సుయ్‌మంది. వెంటనే బిగించింది. నలభై మూడు డిగ్రీల ఎండలో ఒక్క గుక్క తాగలేదు.

సాయిలత పుట్టింది కల్లు గీసే ఇంట్లో. పులిసే సరుకుకు గాలి వదలకపోతే సీసా పగులుతుందని ఆమెకు చిన్నప్పుడే తెలుసు. సిద్దార్థ చంకలోని ఫ్లాస్క్‌కు మాత్రం చుట్టూ టేపు, పైన సీలు.

"సార్, ఫ్లాస్క్ డమ్మీ. అసలుది ఆమె బాటిల్‌ల ఉన్నది."

"నీ కుళ్లు డ్యూటీల కలపకు, సాయిలతా," అన్నాడు ఇయర్‌పీస్‌లో చీఫ్.

నోరా ఎక్కిన, మహారాష్ట్ర వైపు పోయే దెగ్లూర్ బస్సు కదిలింది. సాయిలత గంప వదిలి, ముంజల కత్తితో పరుగున ఎక్కేసింది.

"అక్కా, నాలుక ఎండుతున్నది. రెండు గుక్కల నీళ్లియ్యరాదు."

"లేవు," అంది నోరా, నిండు బాటిల్ ఒళ్లో పెట్టుకుని.

దాహమన్న మనిషికి లేవనేవాళ్లు ఈ రూట్లో ఉండరు. బస్సంతా ఆమెవైపు తిరిగింది. నోరా లిప్‌స్టిక్ పిస్టల్ తీసింది. కత్తి పిడి దెబ్బకు అది సీటు కిందికి పోయింది. తనకు దక్కకపోతే ఈస్ట్‌ను చంపేద్దామని నోరా బాటిల్‌ను కిటికీలోంచి విసిరింది. సాయిలత నడుము దాకా బయటికి వంగి గాల్లోనే అందుకుంది. మూత కాస్త తిప్పింది. సుయ్‌మంది. ఈస్ట్ బతికే ఉంది.

సాయంత్రం జీపులో సిద్దార్థ తలవంచుకుని, ఎట్లా పట్టావని అడిగాడు.

"కుళ్లుకొని చూసిన. గంతే."

అతను హైదరాబాద్ దాకా బాటిల్‌ను ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డ కప్పి, పది నిమిషాలకోసారి గాలి వదులుతూ, "ఏం కాదు, వచ్చేసినం," అని దానికి ధైర్యం చెప్పాడు. సాయిలతకు ఇప్పుడు ఆ ఈస్ట్ మీద కూడా మండడం మొదలైంది.