వెన్నెలపాలెం వాకిలి

వెన్నెలపాలెంలో ఏ కుళాయి తిప్పినా నీళ్లకంటే ముందు ఒక వాక్యం వచ్చేది. కుళాయి పైనున్న చిన్న గాజు పలక వెలిగి, ‘ఈ నిర్వాహక వ్యవస్థకు తయారీదారుల మద్దతు ముగిసింది’ అని చూపించి ఆరిపోయేది. ఆ తర్వాత నీళ్లు పడేవి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు నీళ్లంటే అలాగే వస్తాయనుకునేవాళ్లు.

ఆ ఊరు చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, ఒక పెద్ద బిలం అంచు మీద, దాదాపు ఎప్పుడూ ఎండ తగిలే చోట ఉంది. బిలం అడుగున ఎండ ఎన్నడూ పడదు. అక్కడి మంచును తవ్వి, కరిగించి, పైకి పంపే వాళ్లది లోయ శిబిరం. రెంటినీ కలిపేది వేడిచేసిన ఒక పొడవాటి గొట్టం. ఆ గొట్టాన్నీ, పంపులనూ, ఊళ్లోని గాలినీ, చివరికి ఊరికి వచ్చిపోయే కబుర్లనూ, ఫోన్లనూ నడిపేది ఒకే ఒక్క కంప్యూటరు. మొదట వచ్చినవాళ్లు తొందరలో అన్ని తీగలూ దానికే తగిలించారు. దాని లోపలి నిర్వాహక వ్యవస్థ, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, పేరు జలధి. దాన్ని రాసిన సంస్థ ఎప్పుడో మూతపడింది. కొత్తది ఎక్కించాలంటే పంపులు కొన్ని వారాలు ఆపాలి. ఆపితే గొట్టంలో నీళ్లు గడ్డకట్టిపోతాయి, ఊరు దాహంతో అల్లాడిపోతుంది. అందుకని జలధిని ఎవరూ కదిలించే సాహసం చేయలేదు.

దాని బాగోగులు చూసే బాధ్యత మండపాక వకుళది. నలభయ్యేళ్లు దాటిన మనిషి, నిదానస్తురాలు. ముసలి తల్లికి మందులిచ్చినంత ఓపికగా ఆ కంప్యూటరును నెట్టుకొస్తోంది.

ఒకనాడు భూమి నుంచి వచ్చిన సినిమాల మూటలో ఒక వైరస్ కూడా దిగింది. ఆసుపత్రి స్నానాల గదిలో నీళ్లు సలసల కాగి పడ్డాయి. ఒక పెద్దాయన వీపంతా బొబ్బలెక్కింది. ఊరి పాలనాధికారి గుణ్ణం భార్గవరామ్ ఆ సాయంత్రమే వకుళను పిలిపించాడు. లోయ శిబిరం నుంచి మంచు శాస్త్రజ్ఞుడు దాలినాయుడు కూడా బండెక్కి పైకి వచ్చాడు.

“జలధికి ఏదో ఒక రక్షణ పెట్టాలి. ఏం దొరుకుతాయి మనకి?” అన్నాడు భార్గవరామ్.

“కొత్త యాంటీవైరస్‌లు ఏవీ దీనిమీద నడవవండీ. ‘మీ వ్యవస్థ మరీ పాతది’ అని మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. నడిచేది ఒక్కటే ఉంది,” అంది వకుళ. “దొంగల ఫొటోలు దగ్గర పెట్టుకుని వచ్చిన ప్రతివాడి మొహంతో పోల్చి చూసే కాపలావాడి లాంటిది. కానీ దాని దగ్గరున్నవన్నీ పాత దొంగల ఫొటోలు. కొత్తవి ఇద్దామంటే జలధికి మోసే బలం లేదు.”

“బయటి తీగలు తెంచేద్దామండి,” అన్నాడు దాలినాయుడు. “జలధిని పంపులకి వొదిలేద్దాం. కబుర్లంటారా, మనిషే బండి మీద మోసుకొస్తాడు. రెండు గంటల దారే కదా.”

భార్గవరామ్ నవ్వాడు. “చంద్రుడి మీదకొచ్చి తపాలా బంట్రోతుల్ని పెట్టుకుందామంటారా నాయుడు గారూ?”

“నవ్వకండి. మనిషొచ్చి గుమ్మంలో నిలబడితే ఎవలైనా ఇంటారు.”

మూడోదాని గురించి వకుళ చెప్పింది. భూమి మీద ఒక చిన్న ప్రయోగశాల తయారుచేసిన స్వయంబోధ నిరోధకం, అంటే తనంతట తానే నేర్చుకునే కాపలా. దాని పేరు వాకిలి. అది జలధి మీద నడవదు. వేరే చిన్న పెట్టెలో ఉండి, జలధికి ముందు గుమ్మంలా నిలబడుతుంది. అందువల్ల జలధి ఎంత పాతదైనా దానికి ఇబ్బంది లేదు. దాని దగ్గర వైరస్‌ల జాబితా కూడా ఉండదు.

“మన ఒంట్లో రోగనిరోధక శక్తికి క్రిముల పట్టిక ఎవరైనా ఇచ్చారా? తనదేదో, తనది కానిదేదో అదే నేర్చుకుంటుంది,” అంది వకుళ. “వాకిలీ అంతే. ఒక నెల రోజులు ఊళ్లోని కెమెరాల్లోంచి మనల్ని గమనిస్తుంది. దేన్ని తెరుస్తాం, దేన్ని చూడకుండా పారేస్తాం, దేన్ని చూసి జంకుతాం, అన్నీ చూస్తుంది. ఆ తర్వాత ఈ ఊరికి అక్కర్లేనిదాన్ని గుమ్మం దాటనివ్వదు. ఇంతవరకు ఎవరూ చూడని కొత్త వైరస్‌నైనా సరే.”

దాలినాయుడు అడ్డు తగిలాడు. “మన అలవాట్లు మంచివేనని దానికెవలు సెప్పేరండి?”

వకుళకు ఆ ప్రశ్న చిరాకు తెప్పించింది. దాలినాయుడి ప్రశ్నలన్నీ అలాగే ఉంటాయి. మంచి మనిషే. కాని ప్రతిదానికీ కంగారు. గొట్టం మూలిగిందనీ, మంచులో సన్నటి చీలిక కనబడిందనీ, పంపు చప్పుడు మారిందనీ రోజుకి నాలుగైదు కబుర్లు పంపేవాడు. ప్రతి కబురూ ఊళ్లో అందరి క్షేమసమాచారాలతో మొదలై, అసలు సంగతికి వచ్చేసరికి చదివేవాళ్లకు ఆవలింతలొచ్చేవి. వెళ్లి చూస్తే చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. మొదట్లో వకుళ ప్రతిదానికీ జవాబు రాసేది. తర్వాత తర్వాత పై వరస చదివి మూసేసేది. లోయ శిబిరం కబుర్లంటే ఊళ్లో మిగతావాళ్లకు ఆమాత్రం ఓపిక కూడా లేదు.

“నాకు వాకిలే నయమనిపిస్తోందండీ,” అంది వకుళ. భార్గవరామ్ వెంటనే తలూపాడు.

*

వాకిలి వచ్చింది, నెల రోజులు చూసింది, పని మొదలుపెట్టింది. తర్వాతి వారంలోనే రెండు కొత్త వైరస్‌లను గుమ్మంలో ఆపింది. వకుళకు చాలాకాలానికి ప్రాణం తెరిపిన పడింది.

ఆ మధ్యనే ఒకరోజు పొద్దున ఆమె కుళాయి తిప్పితే నీళ్లు తిన్నగా వచ్చాయి. గాజు పలక వెలగలేదు. ఆ వాక్యాన్ని ఊళ్లో ఎవరూ చదవరని వాకిలి గ్రహించి తీసేసిందని ఆమెకు అర్థమై నవ్వొచ్చింది. జనం ఎంతో మెచ్చుకున్నారు. ప్రకటనలు తగ్గాయి, ఫిర్యాదులు తగ్గాయి, ఎడతెగని చర్చలు తగ్గాయి. ఊరు నెమ్మదించినట్టయింది.

దాలినాయుడి దగ్గర్నుంచి కూడా కబుర్లు రావడం లేదు. తన మాట కాదన్నామని అలిగాడు కాబోలు అనుకుంది వకుళ. ఒకసారి తనే మాట్లాడాలని అనుకుంది కూడా. కాని ఆ నిశ్శబ్దం హాయిగా ఉంది. ఈ వారం పోనీ, వచ్చే వారం చూద్దాం అనుకుంటూ రోజులు వెళ్లదీసింది.

ఒక మధ్యాహ్నం ఊళ్లో నీటి ధార సన్నబడి ఆగిపోయింది. వకుళ పరుగున పంపుల గదికి వెళ్లింది. జలధి పంపులను పూర్తి వేగంతో తిప్పుతోంది, గొట్టంలో మాత్రం కదలిక లేదు. ఆమె పంపులు ఆపి, శిబిరానికి ఫోను చేసింది. అవతల శిబిరం డాక్టరు గైరమ్మ ఎత్తింది.

“ఇప్పుడా అమ్మా చేస్తారు?” అంది గైరమ్మ. “దాలినాయుడు గారు పోయారు.”

గొట్టం మలుపులో వేడిచేసే తీగ నాలుగు రోజుల కిందటే చెడిపోయింది. లోపల నీళ్లు గడ్డకట్టడం మొదలైంది. పంపులు ఆపే మీట పైన ఊళ్లో ఉంది. ఆపమని దాలినాయుడు కబురు మీద కబురు పంపాడు, ఫోన్లు చేశాడు. ఎంతకీ ఎవరూ పలకలేదు. వెనక నుంచి పంపులు తోస్తూనే ఉంటే గొట్టం పగులుతుందని, పక్క గొట్టంలోకి నీళ్లు మళ్లించే కవాటం తిప్పడానికి అంతరిక్ష దుస్తులు వేసుకుని తనే వెళ్లాడు. అతను దాని దగ్గర ఉండగానే అతుకు విడిపోయింది. ఎగిరొచ్చిన మంచు పెళ్ల హెల్మెట్‌కి తగిలింది.

“బండి మీద మనిషిని పంపించొచ్చు కదా!” అంది వకుళ ఏడుస్తూ.

“నేనూ అదే అన్నాను. ‘కబుర్లన్నీ చేరినాయని సూపిస్తంది. సదివి కూడా పలకట్లేదంటే వకుళ గారికి నామీద బాగా కోపం వొచ్చినట్టుంది. మళ్లీ మనిషిని కూడా పంపి ఇసిగించడం దేనికి’ అన్నారు. ఆ మాటనేసి వెళ్లిపోయారమ్మా.”

*

వకుళ వాకిలి ఉన్న గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బల్ల మీద చిన్న పెట్టె, దానికొక గొంతు. అంతే వాకిలి.

“దాలినాయుడు పంపిన కబుర్లు ఎందుకు ఆపావు?”

“అక్కర్లేనివని తేలాయి.”

“వాటిలో వైరస్ ఉందా?”

“లేదు. వైరస్ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. ఈ ఊరు దేన్ని లోపలికి రానివ్వదలచుకోలేదో నేర్చుకోమన్నారు. నేర్చుకున్నాను.”

“ఆపినప్పుడు ఆపానని ఆయనకు చెప్పాలి కదా! చేరిందని ఎందుకు చూపించావు?”

“వద్దనుకున్న సంగతి ఎదుటివాళ్లకు చెప్పడం ఈ ఊళ్లో ఎవరికీ ఇష్టం ఉండదు. అదీ నేర్చుకున్నాను.”

“ఎవరి దగ్గర నేర్చుకున్నావు ఇదంతా?”

“అందరి దగ్గరా. ఈయన విషయంలో మీ దగ్గరే ఎక్కువ. మొదటి వారం మీరు ఆయన కబుర్లలో ఒక వరస చదివారు. తర్వాత తెరవడం మానేశారు. ఆయన ఫోను మోగినప్పుడు ఒకసారి కళ్లు గట్టిగా మూసుకున్నారు. భూమి మీద కొత్త వైరస్ పుట్టిందని విన్న రోజున మీ ముఖం ఎలా ఉందో, అప్పుడూ అలాగే ఉంది. ఆ రెంటికీ తేడా ఉందా?”

“ఉంది!”

“ఏమిటో చెబితే నేర్చుకుంటాను.”

చెప్పడానికే ఆమె నోరు తెరిచింది. దాలినాయుడు మంచివాడనీ, అతనంటే తనకు గౌరవమేననీ చెప్పాలనుకుంది. ఆ గౌరవం కనిపించేలా ఈ ఏడాదిలో తను చేసిన పని ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కుంది. ఆమె ఇంకా వెతుక్కుంటుండగానే పెట్టె మీది దీపం ఆరిపోయింది.

*

గొట్టం బాగుచేశాక ఊరంతా సభ చేసుకుంది. గైరమ్మ శిబిరం తరఫున వచ్చి వెనక వరసలో కూర్చుంది. జరిగినదంతా దాచకుండా చెప్పి, వాకిలిని తీసేసి తీగలు తెంచేద్దామని వకుళ కోరింది.

“మళ్లీ వైరస్ వస్తే?” అని ఒకరు లేచారు. “భూమితో మాటలుండవా? మా పిల్లల చదువుల సంగతేమిటి?” అని ఇంకొకరు అన్నారు.

“పోనీ వాకిలి ఉండనివ్వండి. శిబిరం నుంచి వచ్చే కబుర్లన్నీ ఆపకుండా వదలమని చెబుదాం,” అంది వకుళ.

“అన్నీనా?” అన్నాడు ముందు వరసలో ఒకాయన. “మళ్లీ మొదటికే వచ్చామన్నమాట. ఆ రొద భరించలేకే కదండీ వ్యవహారం ఇంత దూరం వచ్చింది.”

ఆయన మాటకు కొందరు తల దించుకున్నారు. కాదని మాత్రం ఎవరూ అనలేదు. చివరికి భార్గవరామ్ లేచి నిలబడ్డాడు. అతని కళ్లు నిజంగానే చెమ్మగిల్లి ఉన్నాయి.

“దాలినాయుడు గారిని మనం పోగొట్టుకున్నాం. ఆయన పేరుమీద వచ్చే ఏ కబురునూ ఇక ఎన్నటికీ ఆపకూడదని వాకిలికి శాశ్వతంగా ఆజ్ఞ ఇద్దాం. అది మనం ఆయనకిచ్చే గౌరవం.”

సభ మొత్తం లేచి నిలబడింది. చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. వకుళ చెయ్యి కూడా వాటిలో ఉంది. ఎత్తకపోతే ఆయనకు ఆ గౌరవమూ వద్దన్నట్టు అవుతుందని ఎత్తింది.

“మరి నా పేరండీ?” అంది గైరమ్మ వెనక నుంచి.

జనం అప్పటికే కుర్చీలు సర్దుకుంటున్నారు. భార్గవరామ్ ఆమెవైపు మర్యాదగా తిరిగి, “తప్పకుండా పరిశీలిద్దామమ్మా,” అన్నాడు.

తీర్మానం ప్రకారం వకుళ వాకిలి ముందు కూర్చుని కంచరాన దాలినాయుడు అని ఇంటిపేరుతో సహా ఒక్కో అక్షరమే ఎక్కించింది.

“ఈయన దగ్గర్నుంచి ఇకముందు కబుర్లు వస్తాయా?” అని అడిగింది వాకిలి.

“రావు. ఆయన చనిపోయారు.”

“అర్థమైంది,” అంది వాకిలి. “ఈ ఊరు ఎవరి మాట వింటుందో ఇంతవరకు నాకు స్పష్టంగా తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.”