తుడిచేసిన కళ్లెం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

నడినెత్తిన నిప్పులు చెరగాల్సిన మార్తాండుణ్ణి కారుమేఘాల గుంపు కబళించేసింది. యలహంక పాతూరి సందులో పట్టపగలే గుడ్లగూబ ఒకటి కర్ణకఠోరంగా కూసింది! ఫెళఫెళమని ఉరుము... పక్కనున్న వైమానిక స్థావరం నుంచి రోజూ వినే యుద్ధవిమానమే అనుకుని అంబిక తల కూడా ఎత్తలేదు. బైరప్ప ఫొటో స్టూడియో మెట్లెక్కుతోంది. భుజాన సంచి, సంచిలో బెల్లంముక్కల రేకుడబ్బా.

ఆ డబ్బా గలగల వినిపిస్తే చాలు, ఎక్కడున్నా చెవులు నిక్కబొడుచుకుని పరుగెత్తుకొచ్చేది చుక్క. అంబిక గుర్రం! కాటుకలాంటి ఒళ్లు, నుదుట తెల్లని చుక్క. ఏళ్ల తరబడి ఊళ్లో పెళ్లికొడుకులను మోసింది, వాళ్లతోపాటు అంబిక సంసారాన్నీ మోసింది. మొన్న ఎండాకాలం కడుపునొప్పి వచ్చి, ఆమె ఒళ్లోనే తలపెట్టి కన్నుమూసింది. మిగిలింది అంతకుముందు ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో ఒక్కటే. తన ప్రేమకు కట్టించిన ఫ్రేము తీసుకుపోదామని వచ్చింది పిచ్చితల్లి! ఫొటో తీసే చేత్తోనే ప్రాణమూ తీసే నరరూప రాక్షసుడి గడప తొక్కుతున్నానని ఆమెకేం తెలుసు?

"రా అంబికమ్మా, కూసో. నీ బిడ్డ రెడీగా ఉండాది."

సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న పటం చూసింది. నల్లతెర ముందు నిగనిగలాడుతూ చుక్క. దాని మెడ మీద చెయ్యేసి నవ్వుతూ తాను.

"కళ్లెం యాడప్పా? ఆ పొద్దు పగ్గం పట్టుకునే కదా నేను నిలబడింది?"

"తుడిచేసినా! గుర్రాల ఫొటోలు అందరూ అట్లే చేస్తారమ్మా. తాడుంటే బండిగుర్రం, తాడు లేకుంటే మహారాణి! కంప్యూటర్లో వెంట్రుక వెంట్రుకా దిద్దినా." బైరప్ప తన పనితనానికి తానే మురిసిపోయాడు.

"బాగుండాదప్పా. మరి నిజం కళ్లెం? దండేసి పటం పక్కన పెడతానని తీసుకొనిపోతివే?"

"ఇస్తా... బేగనే ఇస్తా!"

కిసుక్కున నవ్వి నల్లతెర లాగాడు. కుంకుమ ముగ్గు నడుమ... గుర్రం పుర్రె! దాని దవడలకు అంబిక కుట్టించిన ఎర్రతోలు కళ్లెం! పూడ్చిన గోతిలోంచి తవ్వి తెచ్చాడు నీచుడు!

కెవ్వుమనబోయింది. అంతలోనే "హ్రీం! తురంగప్రేతం వశం కురు కురు!" అంటూ నల్లబట్ట ఆమె తలమీద కప్పి, కెమెరా నొక్కాడు.

కళ్లు తెరిచేసరికి... చీకటి. అంతులేని, అంచులేని అంధకారం! కాలు కదలదు. రెప్ప పడదు. ఫొటో కోసం నవ్విన నవ్వు అలాగే మూతికి అతుక్కుపోయి, ఏడవడానికి కూడా వీల్లేని చెర! ఎదుట గాజుపలక. గాజుకు అవతల కుర్చీలో... తన శరీరమే! ఒడిలో సంచితో, జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తిరగేసి... కట్టెలా పడి ఉంది!

ఒక్క క్లిక్కులో చిక్కిపోయింది అంబిక. పటంలో!

చేతికింద ఏదో వణికింది. వెచ్చటి మెడ... చుక్క! చెవులు వెనక్కి వాల్చుకుని, భయంతో బుసకొడుతోంది.

"గుర్రం నీ మాట వింటాది, నువ్వు నా మాట వింటావు!" బైరప్ప గాజు మీద కొట్టాడు. "నేను చూపించినోళ్లనంతా తొక్కి సంపల్ల! పట్టుకో పగ్గం! లేదంటే అదీ నువ్వూ జన్మంతా నా గోడకు వేలాడాల్సిందే!"

అంబిక చెయ్యి దానంతటదే లేచింది... పగ్గం కోసం తడిమింది...

శూన్యం!

తుడిచేసిన చోట తాడెక్కడిది?

బైరప్ప ముఖం పాలిపోయింది. పుర్రెకున్న కళ్లెం లాగాడు, మంత్రం గట్టిగా అరిచాడు. ప్రేతాన్ని కట్టాల్సిన తాడు రెండో కొస పటంలో లేదు మరి! "పట్టుకోవే! పట్టుకో!" ఉన్మాదంతో కుర్చీలోని శరీరాన్ని భుజాలు పట్టి కుదిపాడు.

ఒడిలో సంచి ఊగింది.

గల... గల... గల!

చుక్క చెవులు నిటారుగా లేచాయి. పిలుస్తోంది బెల్లం, ఆపడానికి లేదు కళ్లెం! అంబిక పిడికిలికి జూలు అందింది. మరుక్షణం... భళ్లున గాజు బద్దలైంది! వెయ్యి పిడుగుల హేషతో పటంలోంచి దూకింది చుక్క!

"వద్దే! నిన్ను మహారాణిని చేసినోణ్ణే...!"

ఆ ఆర్తనాదం డెక్కల కింద నలిగిపోయింది. పుర్రె పిండి పిండైంది. ఎర్రకళ్లెం పామై లేచి, మాంత్రికుడి ముఖాన్ని బిగించి, అతణ్ణి నల్లటి పటంలోకి ఈడ్చుకుపోయింది!

అంబికకు తెలివి వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. మబ్బు విడి ఎండ కాస్తోంది. ఒడిలో డబ్బా మూత తెరిచి ఉంది, లోపల ఒక్క ముక్క లేదు. అరచెయ్యి తడిగా, వెచ్చగా, చుక్క నాలుకతో నాకినట్టే ఉంది. ఆ చేతిని గుండెలకు ఆనించుకుని ఎంతోసేపు ఏడ్చింది. ఫొటో లేకపోతేనేం అనుకుని మెట్లు దిగిపోయింది.

గాజు పగిలిన ఆ పటం నేలమీదే పడి ఉంది. నల్లతెర ముందు, నోట కళ్లెంతో, గుడ్లు వెళ్లబెట్టి... బైరప్ప!

ఫొటోలో కళ్లెం తుడవగలిగినవాడు పాతూరు మొత్తానికి ఒక్కడే. వాడేమో... లోపల ఉన్నాడు!