ఎనిమిది నలభై నాలుగు తర్వాత

ఆదివారం జీడి ఫ్యాక్టరీకి సెలవు. పలాసలో ఆ పూట పొగగొట్టాలు కూడా చల్లగా ఉంటాయి. అక్కడ హాజరు చూసే శైలజ స్కూటీ గోడవారగా పెట్టి, గంటలో వచ్చేస్తానని వాచ్‌మన్ జగన్నాధంతో చెప్పి ఆఫీసు గదిలోకి వెళ్లింది. వేలిముద్రతో తెరుచుకునే తలుపు ఆమె వెనక టక్కున పడింది.

పని చిన్నదే. హాజరు ఎక్కించే కంప్యూటరు బాగా పాతది. అలాంటివాటికి తేదీలు తెలియవు. 1970 జనవరి ఒకటి నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తాయి, అంతే. ఆ లెక్క దాచుకునే చోటు 2038 జనవరి 19 ఉదయం ఎనిమిది నలభై నాలుగుకి నిండిపోతుంది. ఆపైన ఒక్క సెకను కూడా పట్టదు. లెక్క తిరగబడి 1901లో పడుతుంది. యంత్రం మార్చాలో లేదో ముందే చూసి చెప్పమన్నాడు యజమాని. శైలజ తేదీని ఆ రోజుకి జరిపి, గడియారం ఎనిమిది నలభైకి పెట్టి కూర్చుంది.

నాలుగు నిమిషాలు. ఫ్యాను కిర్రుమంటోంది. గోడల్లో ఇంకిపోయిన జీడినూనె వగరు వాసన. ఊరికే కూర్చుంటే బుల్లమ్మ గుర్తొచ్చింది.

బుల్లమ్మ జీడిపిక్కలు కొట్టేది. నూనె తగిలి తగిలి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. యంత్రం ఏనాడూ ఆమె ముద్ర పట్టలేదు. ఆమెనీ, అలాంటి మరో నలుగురినీ రోజూ శైలజే చేత్తో ఎక్కించేది. కిందటేడు ఒక్కరోజు మరిచిపోయింది. ఆ మధ్యాహ్నమే పిక్కలు కాల్చే గదిలో మంటలు లేచాయి. లోపల ఎవరైనా మిగిలారా అని అడిగితే, శైలజ తెర చూసి, అందరూ వచ్చేశారని చెప్పింది. ఎవరూ వెతకలేదు. ఐదుగురూ లోపలే కాలిపోయారు. ఆ మరుపు సంగతి కట్టుకున్నవాడికి కూడా ఆమె చెప్పలేదు.

ఎనిమిది నలభై నాలుగు. ఏడో సెకను దాటింది.

తెర మీద 14 డిసెంబరు 1901. శైలజ కాగితం మీద రాసుకుంది.

తలుపు పక్కన ముద్రల పెట్టె కూసింది.

దాని దగ్గర ఎవరూ లేరు. తెర మీద ఒక పేరు ఎక్కింది. బుల్లమ్మ. లోపల.

కాలిన పిక్కల వాసన… చెవి వెనక నుంచి.

"ముద్ర పడ్డాదమ్మా," అందో గొంతు, గుసగుసగా. "ఈపాలి పడ్డాది."

శైలజ వెనక్కి తిరగలేదు. తిరగడానికి మెడ రాలేదు.

"మరిసిపోయాను బుల్లమ్మా… కావాలని కాదు."

"తెల్సు. నానెల్తన్నాను. నువ్వుండు."

తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

శైలజ పరుగున వెళ్లి వేలు పెట్టింది. ఎర్ర దీపం. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర దీపం. తేదీ మళ్లీ ఇవాళ్టికి మార్చబోతే అది కదల్లేదు. పేర్ల పట్టీలో తన పేరు లేదు.

కిటికీ అద్దం బాదింది. అరచేతులు కమిలేదాకా బాదింది. రెండు బారల దూరంలో జగన్నాధం చుట్ట వెలిగించుకుంటున్నాడు. తల తిప్పలేదు. గోడవారన స్కూటీ లేదు. అతని ఫోను మోగింది. యజమాని కాబోలు.

"శైలజమ్మగారు ఇప్పుడే ఎల్లిపోనారు బాబూ," అన్నాడు. "లోపలెవులూ లేరు. తాళమేసెస్తన్నాను."

ఎన్నిసార్లు చేసినా ఇంటికి ఫోను అరగంటకి గానీ కలవలేదు. చాలాసేపు మోగాక భర్త పృథ్వీరాజ్ ఎత్తాడు. ఆమె ఏడ్చింది, అరిచింది, తలుపు తీయించమంది. అతనికి ఏమీ వినబడలేదు. హలో, హలో అని, గుమ్మం వైపు తిరిగి ఎవరితోనో అన్నాడు:

"శైలూ, నీ నంబరు నుంచే ఫోనొస్తన్నాది. ఏటో సూడు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత అడుగులు… మెల్లగా, ఒకరి వెనక ఒకరుగా, గుమ్మం దాటి లోపలికి. ఆపైన ఐదేళ్ల కూతురు రేఖ గొంతు.

"అమ్మా… నీతో వచ్చినోళ్లంతా ఎవులు?"