పంపుల గది నుంచి జవాబు

మా అణు విద్యుత్ కేంద్రంలో ఏ పని ఎలా చెయ్యాలో రాసిపెట్టేది నేనే. చదివితే పరమ బోరు. ఏ మీట ముందు, ఏ వాల్వు తర్వాత... అంతే. అయితే ఒక పద్ధతి మాత్రం ఎవరూ తప్పరు. ఒకరు స్టెప్పు చదవాలి, చేసేవాడు దాన్ని పైకి తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి.

కింద పంపుల గదిలో ఆవిరి తగిలి మా అన్నయ్య పోయాడు. పైపులో మరిగే నీళ్లు మిగిలిపోతాయన్న సంగతి పాత విధానంలో లేనేలేదు. దాన్ని తిరగరాసే పని నేనే అడిగి తీసుకున్నాను. మా ఇంట్లో ఏడ్చిన ఏడుపు ఇంకో ఇంట్లో ఏడవకూడదు. పైపులో ఒత్తిడి చూపే మీటరు సున్నాకి వచ్చాకే వాల్వు తెరవాలని రాశాను.

ఆ మధ్యాహ్నం దాన్ని పరీక్షిస్తున్నాం. లోపలికి వెళ్లింది అన్నయ్యతో కలిసి డ్యూటీ చేసిన జతగాడు. అందరూ బండన్న అంటారు. నేను తలుపు బయట, లోపలివాళ్లతో మాట్లాడేందుకు గోడకున్న స్పీకరు ముందు నిలబడ్డాను.

"గట్టిగా చదువు చెల్లెమ్మా. కడుపు తప్ప నాకింకేదీ సరిగ్గా పనిచెయ్యదు," అని నవ్వించాడు.

లోపల కిటికీలు లేవు. తడి ఇనుము వాసన తలుపు దాకా వస్తోంది. ఎక్కడో నీటిచుక్క రాలుతోంది.

"మీటరు చూడు."

"మీటరు చూస్తున్నా. సున్నా."

"వాల్వు తెరువు."

"వాల్వు తెరుస్తున్నా."

వెంటనే స్పీకరులో ఇంకో గొంతు. గుసగుసగా...

"ఆగవే చిట్టీ. పైపు ఇంకా కాలుతోంది."

నన్ను చిట్టీ అనేది అన్నయ్య ఒక్కడే.

"ముట్టుకోకు బండన్నా! పైపు వేడిగా ఉందా?"

చెయ్యి పైపు దగ్గరికి పోనిచ్చినట్టున్నాడు.

"అమ్మో! సెగ కొడుతోంది. ఈ దరిద్రపు మీటరు ముల్లు సున్నా దగ్గరే ఇరుక్కుపోయింది!"

పరుగున బయటికొచ్చి నా పక్కనే కూలబడ్డాడు. వాల్వు తెరిచి ఉంటే దక్కేవాడు కాదు. నాకు ఏడుపు ఆగలేదు. పోయాక కూడా డ్యూటీ చేస్తున్నాడు, మా పిచ్చి అన్నయ్య.

తలుపు మూసేముందు చివరి స్టెప్పు అడిగి తీరాలి. చదివాను.

"లోపలివాళ్లంతా బయటికొచ్చారా?"

"వచ్చారు," అన్నాడు బండన్న.

స్పీకరులో గరగర.

"నేనింకా రాలేదే చిట్టీ..."

బండన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతనికీ వినపడింది.

"రా అన్నయ్యా," అన్నాను. "తలుపు తీసే ఉంచాను. ఇంటికి పోదాం, రా..."

తలుపు మెల్లగా, దానంతటదే మూసుకుంది. లోపల గొళ్లెం పడ్డ చప్పుడైంది.

ఆ తలుపుకి లోపలివైపు గొళ్లెం లేదు.