కె ఏడు

చీకటి పడ్డాక బ్లూ లాంతరు పబ్బు ముందునుంచి ఎవరూ నడవరు. ఇంగ్లండులోని హల్ రేవులో, హెసిల్ రోడ్డు పక్క సందుల్లో ఉండేవాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కుక్కను తిప్పుకునేవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి అవతలి పక్కకి దాటేస్తారు.

పబ్బు మూసేసి, కిటికీలకి చెక్కలు కొట్టేసి మూడేళ్ళయింది. కరెంటు తీగ కూడా కోసేశారు. అయినా లోపల పాట పెట్టె మోగుతుందంటారు... పూర్తి పాట కాదు. ముల్లు రికార్డు మీద పడ్డప్పుడు వచ్చే గరగర. పాట ఇప్పుడే మొదలవుతుంది అనిపిస్తుంది — అంతే. ఇక ఏమీ వినపడదు.

"నీ మొగుడేనేమోనే బెరిల్! సముద్రం అడుగున ఊసుపోక వచ్చుంటాడు" అని పక్కింటి ఐరిస్ వేళాకోళమాడేది.

"వచ్చి పాడితే వీధి వీధంతా ఖాళీ అయ్యేది. వాడి గొంతు నీకు తెలీదూ?" అనేది బెరిల్. అని నవ్వేది. ఇంట్లోకెళ్ళి తలుపేసుకున్నాక మాత్రం నవ్వేది కాదు.

బెరిల్‌కి అప్పటికి అరవై నాలుగేళ్ళు. ఆ పబ్బు ఒకప్పుడు వాళ్ళ నాన్న నడిపింది. పద్దెనిమిదేళ్ళు నిండిన దగ్గర్నుంచీ ఆ కౌంటరు వెనకే నిలబడి బీరు పోసింది. మొగుడు విల్ఫ్ చేపల బోటు మీద పనిచేసేవాడు. మూడు వారాలు ఐస్‌లాండ్ దాకా పోవడం, మూడు రోజులు ఇంటి దగ్గర. ఆ మూడు రోజుల్లో రెండు రోజులు పబ్బులోనే, పాట పెట్టె పక్కనే.

ఆ పెట్టె ఉన్న రోజులే వేరు! శనివారం సాయంత్రం అది మోగిందంటే కిటికీ అద్దాలు అదిరేవి. చేపలు కోసే అమ్మాయిలు చెప్పులు విప్పి బల్లల మధ్యే గంతులేసేవాళ్ళు. నాణెం వేసి నంబరు నొక్కితే ఆ పాట పాడేది, ఏ నంబరు ఎవరిదో అందరికీ కంఠతా వచ్చు. బి మూడు మొదలైతే ముసలి ఆర్థర్ చచ్చిపోయిన పెళ్ళాన్ని తలుచుకుని భోరుమంటాడు. ఎఫ్ తొమ్మిది వస్తే వంట మనిషి డోట్ గరిటె పట్టుకుని బయటికొస్తుంది.

కె ఏడు విల్ఫ్‌ది.

విల్ఫ్ నోటితో ఎప్పుడూ తప్పయిందని చెప్పి ఎరగడు. పోట్లాట అయితే, చల్లబడ్డాక పెట్టె దగ్గరికెళ్ళి కె ఏడు నొక్కేవాడు. రాజీకి వచ్చాడని అందరికీ అర్థమయ్యేది. బెరిల్‌కి కోపం తగ్గితే పాట సాగేది. తగ్గకపోతే కౌంటరు కింద ఒక బొత్తాం ఉండేది, అది నొక్కితే పాట టక్కున తెగేది. "ఇవాళ కూడా కింద పడుకోవాల్సిందేరా విల్ఫ్!" అని పబ్బంతా గోల. నాలుగు రోజులకో వారానికో మళ్ళీ మామూలే.

పంతొమ్మిది వందల డెబ్బై జనవరిలో వచ్చిన పోట్లాట మాత్రం మామూలుది కాదు. ఈ ఒక్క ట్రిప్పు మానేస్తానని విల్ఫ్ మాటిచ్చాడు. రేవులో పని కూడా చూసుకున్నాడు. తీరా చూస్తే, బోటు మీద మనిషి తక్కువయ్యాడని కెప్టెన్ పిలవగానే వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు. బెరిల్‌కి ఒళ్ళు మండిపోయింది. నోరు జారింది.

"వెళ్తే వెళ్ళు. మళ్ళీ తిరిగి రాకు."

హెసిల్ రోడ్డులో ఏ ఆడదీ అనని మాట అది. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది.

ఆ రాత్రి విల్ఫ్ పబ్బుకొచ్చాడు. కౌంటరు వైపు చూడలేదు. పెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, వీపు ఇటు పెట్టి. నొక్కుతాడు... ఇప్పుడు నొక్కుతాడు... బెరిల్ చేతులు గ్లాసులు తుడుస్తున్నాయి, చెవులు అక్కడున్నాయి. ఈసారి బొత్తాం జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకుంది. పాట మొదలైన వెంటనే కౌంటరు దాటి వెళ్ళి వాడి మెడ పట్టుకుని ఏడవాలనుకుంది.

ఒక పాట అయింది. ఇంకొకటి అయింది. కె ఏడు రాలేదు.

పదిన్నరకి పబ్బు మూసే గంట కొట్టారు. మోగుతున్న పాట అయ్యేదాకా ఆగి, రోజూలాగే బెరిల్ గోడ మీది స్విచ్చి ఆపేసింది. పెట్టెలో దీపాలు ఆరిపోయాయి.

విల్ఫ్ ఇటు తిరిగాడు. అప్పుడు చూశాడు ఆమెను, ఆ సాయంత్రం మొదటిసారి.

"సరే. అర్థమైందిలే" అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి వాళ్ళ అమ్మ దగ్గర పడుకున్నాడు.

తెల్లవారుజామున బోటు కదిలింది. బోటు కదిలే రోజు ఆడవాళ్ళు రేవుకి వెళ్ళకూడదు. చెయ్యి ఊపకూడదు. ఆ రోజు బట్టలు ఉతికినా మొగుణ్ణి నీళ్ళలో జాడించేసినట్టేనంటారు. ఇప్పటికే నోటితో ఒక పాడు పని చేసింది, ఇంకోటి చెయ్యడానికి బెరిల్‌కి ధైర్యం చాల్లేదు. కుర్చీలో కూర్చుని, బయటికి పరిగెత్తకుండా కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. పొద్దున్నే పాట పెట్టె స్విచ్చి వేసేది ఎప్పుడూ నాన్నే, విల్ఫ్ తిరిగొచ్చేదాకా వెయ్యొద్దని ఆయన దగ్గర పట్టుబట్టింది.

పద్దెనిమిదో రోజున వార్త వచ్చింది. మంచు పేరుకుని బోటు తిరగబడింది. పంతొమ్మిది మంది. ఒక్క శవం దొరకలేదు.

నాన్న ఆ రోజే పాట పెట్టె తీగ పీకేశాడు. "వాళ్ళొచ్చేదాకా ఈ గదిలో పాట వినపడకూడదు" అన్నాడు. రారని అందరికీ తెలుసు. మళ్ళీ పెట్టమని ఎవరూ అడగలేదు. నాన్న పోయినా, తర్వాత వచ్చినవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోలేదు. దుప్పటి కప్పుకుని ఆ మూలే ఉండిపోయింది.

నలభై ఏళ్ళకి పైగా బెరిల్‌ని నిద్ర పోనివ్వని ప్రశ్న ఒక్కటే. ఆ మాటని కడుపులో పెట్టుకునే పోయాడా? కోపం తగ్గలేదా? ఎందుకు నొక్కలేదు?

పబ్బు కూలగొట్టేస్తారని తేలాక నార్మన్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు రెండు వారాలకోసారి వచ్చి పెట్టెలో రికార్డులు మార్చిన మనిషి. ఇప్పుడు ముసలాడై, పాత పెట్టెలు కొని బాగుచేసుకుంటున్నాడు.

"పెట్టె నేను తీసుకుంటున్నాను తల్లీ. నిన్న వెళ్ళి నూనె వేసొచ్చాను. నీకేదైనా రికార్డు కావాలంటే రేపు వచ్చి తీసుకో."

ఏ రికార్డు కావాలో చెప్పనవసరం లేదు.

డిసెంబరు. సాయంత్రం నాలుగున్నరకే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పబ్బు పక్కన నార్మన్ వ్యాను ఉంది, మనిషి లేడు. తలుపు చెక్క ఊడదీసి ఉంది. బెరిల్ లోపలికి అడుగు పెట్టింది.

"నార్మన్..."

తడి వాసన, ఎలుకల వాసన. అలవాటైన కాళ్ళు ఆమెను కౌంటరు వెనక్కి తీసుకెళ్ళాయి. చెయ్యి చెక్క మీద ఆనింది. అదే గరుకు... అదే ఎత్తు...

మూలన వెలుగు.

ముందు ఎర్రగా. తర్వాత పచ్చగా. దుప్పటి లేదు. పెట్టె వెలుగుతోంది — తీగ కోసేసిన ఇంట్లో!

పెట్టెలో ఏదో కదిలింది. కర్ర్... కర్ర్... కొద్దిగా జరిగి ఆగింది. ఒక రికార్డు పైకి లేచింది. ఎవరూ లేరు. ఎవరూ నొక్కలేదు.

గరగర...

ఆ తర్వాత గిటారు. మొదటి రెండు స్వరాలు. కె ఏడు.

"వద్దు!" అని కేక పెట్టింది బెరిల్. వచ్చాడు, ఆ మాట గుర్తుపెట్టుకుని వచ్చాడు! చెయ్యి దానంతటదే కౌంటరు కిందికి పోయింది. బొత్తాం దొరికింది.

పాట టక్కున తెగింది.

టార్చి లైటుతో నార్మన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది తల్లీ? పెరట్లో జనరేటరు పెట్టి తీగ లాగాను, అంతే. భయపడ్డావా?"

"అది... దానంతటది పాడింది నార్మన్."

"పాడకేం చేస్తుంది?" నార్మన్ నవ్వాడు. "ఈ రకం పెట్టెకి ఒక గుణం ఉంది. నొక్కిన నంబరు లోపల అలాగే ఉండిపోతుంది. కరెంటు పోయినా, తీగ పీకినా, నలభై ఏళ్ళయినా సరే. మళ్ళీ కరెంటు తగిలితే పాడేస్తుంది. నీకు తెలీదూ?"

"తెలీదు."

"ఇంకోటి కూడా. నొక్కిన వరసలో పాడదిది. రికార్డులు పేర్చిన వరసలో పాడుతుంది. వెనకటి నంబరు నొక్కావనుకో, చుట్టూ తిరిగి అక్కడికి వచ్చేదాకా కాచుకోవాలి." లైటు పెట్టె లోపలికి వేసి చూశాడు. "మొన్న నూనె వేసినప్పుడు జె పదిలో ఆగుంది. ఆ తర్వాత నొక్కి ఉన్నది ఇదే. ఆ రోజు ఇంకో నిమిషం ఆపకుండా ఉంచితే మోగేది. ఎవడో పాపం నొక్కి, వినకుండానే ఇంటికి పోయాడు."

బెరిల్ కౌంటరు పట్టుకుని నిలబడింది.

"మళ్ళీ పాడుతుందా?"

"అబ్బే. ఒకసారి మొదలెట్టిందంటే చెరిపేసుకుంటుంది. నువ్వు ఆపావుగా, అయిపోయింది." ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు. "అయ్యో, దానికేముంది తల్లీ! రికార్డు ఇక్కడే ఉందిగా. ఇదిగో, నేను పెడతాను."

కె నొక్కాడు. ఏడు నొక్కాడు. గరగరమంది. గిటారు వచ్చింది, గొంతు వచ్చింది. చెక్కలు కొట్టిన కిటికీల మధ్య, ఎలుకల వాసనలో, పాట మొదట్నుంచి చివరిదాకా హాయిగా సాగింది.

బెరిల్ కోటు గుండీలు పెట్టుకుంది.

"ఇది నువ్వు నొక్కింది నార్మన్" అంది.